జున్ను గిన్నె

జూలై 9, 2001

ల్యాబ్ నోట్‌బుక్‌లో గొప్పలు రాయకూడదు. రీడింగులు మాత్రమే రాయాలి. అందుకని ఈ డైరీ కొన్నాను. ఇక్కడ నన్నెవరూ ఆపరు కాబట్టి ముందే రాసేస్తున్నాను: నా టీకా పనిచేస్తుంది.

ఈరోజు ట్రేలు తీశాం. మామూలు గేదె సీరమ్ తాగిన పురుగులు పుష్టిగా, కొవ్వెక్కి ఉన్నాయి. టీకా వేసిన గేదె సీరమ్ తాగినవి బియ్యపు నూకల్లా ఉండిపోయాయి. సగం చచ్చాయి. మిగతా సగానికి బతకాలన్న ఉత్సాహం కనబడలేదు. చంద్రరావు గారికి చూపించాను. మా ప్రాజెక్టుకి ఆయనే పెద్ద. మంచివారే గానీ, సంతోషించడానికి కూడా ఆయనకి సెకండ్ ఒపీనియన్ కావాలి. ట్రేలో గెలవడం వేరు, లంకలో గెలవడం వేరమ్మా అన్నారు. అక్కడా గెలుస్తానండి అన్నాను.

ఈ ఈగ వంటింటి ఈగ కాదు. నీలిపచ్చగా మెరుస్తుంది. చచ్చిన మాంసం దానికి అక్కర్లేదు. బతికున్న జంతువు గాయం మీదే గుడ్లు పెడుతుంది. పురుగులు కండ తింటూ లోపలికి తొలుచుకుపోతాయి. అప్పుడే పుట్టిన దూడకి బొడ్డు పచ్చిగా ఉంటుంది కదా, దీనికి అదే పెళ్ళి భోజనం. దూడకి టీకా వేసి అది పనిచేసేదాకా కూర్చునే టైము ఉండదు. అందుకని చూడి గేదెకి వేస్తాం. తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. పాలతో దూడకి వెళ్తాయి. దూడని తినడానికొచ్చిన పురుగు వాటినీ తింటుంది, దాని పేగు పాడవుతుంది. ఇంత చక్కటి పగ ఇంకోటి లేదు.

జూలై 12

గోదావరి మధ్యలో దీవిలా ఉండే కొమ్మరలంక వెళ్ళాం, నేనూ జీవరాజూ. రావులపాలెం దాటాక జీపు దిగి, ఐస్‌బాక్సు పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని పడవెక్కాను. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చేశాయి. జీవరాజు మా పశు పరిశోధన స్టేషన్‌లో కాంపౌండరు. అతను ముక్కు పట్టుకుంటే గేదె కదలదు, నోరు విప్పితే మనం కదలలేం.

ప్లాను సింపుల్. ఈ లంకలో చూడి గేదెలన్నిటికీ టీకా. అవతలి లంకలో దేనికీ లేదు. రెండు చోట్లా పుట్టిన దూడల్ని చూస్తాం. పురుగు పడితే రెండు చోట్లా వైద్యం చేస్తాం. తేడా ఎంతో నవంబర్‌లో ఢిల్లీ కమిటీకి చూపించాలి. తేడా ఉంటే ప్రాజెక్టు ఉంటుంది. లేకపోతే ఉండదు.

చివరి ఇల్లు వీరవేణిది. మొగుడు లోవరాజు కౌలుకి అరటి వేస్తాడు, అత్తగారి రెండో గేదె ఇంకా తొలిచూలుతో ఉంది, ఇల్లు గడిచేది చుక్క మీద. చుక్క వాళ్ళ గేదె, నుదుటి మీద తెల్లమచ్చ ఉంది. మూడు ఈతల్లోనూ దూడ దక్కలేదు. మూడూ బొడ్డులో పురుగు పట్టే పోయాయి. దూడ లేకపోతే చుక్క చేపదు. పొదుగు నిండా పాలుంటాయి, వదలదు. పోయిన దూడ తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెడితే రెండ్రోజులు నాకి, మూడో రోజు కొమ్ముతో కుమ్మి అవతల పారేసిందట. ఆ గడ్డి దూడ ఇంకా పాకలో ఒక మూల ఉంది. ఈసారీ ఇలాగే అయితే చుక్కని కోతకి ఇచ్చెయ్యడమేనని లోవరాజు అన్నాడు.  నేను సూది తీశాక వీరవేణి అంది.

"టీకా సంగతి నాకు తెలీదండి. దూడ బతకాలండి."

బతుకుతుందని చెప్పాను. జీవరాజు నా వంక చూశాడు. అలా మాటివ్వకూడదని మాకు రూలు. ఇచ్చేశాను.

ఆగస్టు 9

రెండో డోసు పూర్తి. ఒక గేదె తన్నింది. నన్ను కాదు, జీవరాజుని.

ఆగస్టు 27

తల్లుల రక్తం రిజల్టు వచ్చింది. ప్లేటు మీద ప్రతి గుంటా పచ్చగా వెలిగిపోతోంది. ఒక్క గేదె కూడా ఫెయిలవ్వలేదు. నా టెన్త్ క్లాసు సెక్షన్‌కి కూడా ఇంత మంచి రిజల్టు రాలేదు. చంద్రరావు గారు మళ్ళీ ఒకసారి రన్ చెయ్యమన్నారు. చేశాను. ఇంకా బాగా వచ్చింది.

సాయంత్రం ల్యాబ్ నుంచి ఇంటికి, బ్రిడ్జి మీద కొవ్వూరు వస్తూ బస్సులో పాట పాడుకున్నానట. పక్కసీటావిడ చెప్పింది.

సెప్టెంబర్ 6

లంకలో ఈనడం మొదలైంది. మొదటి ఇల్లు బేబి గారిది. నిన్న ఈనిందని కబురొస్తే పొద్దున్నే వెళ్ళాం. పెయ్యదూడ, బావుంది. బొడ్డుకి అయోడిన్ రాసి వచ్చేస్తుంటే ఆవిడ పరిగెత్తుకొచ్చి స్టీలు గిన్నె చేతిలో పెట్టింది. జున్ను. బెల్లం, మిరియాలు, యాలకులు. గిన్నె వంచినా కదలని జున్ను. వద్దంటే బాధపడుతుందని తీసుకున్నాను. అబద్ధం. వద్దనాలని నాకనిపించలేదు. పాలకొల్లులో మా అమ్మ చేసేది ఇలాగే ఉండేది.

ప్రసాద్ సగం గిన్నె తినేసి, మీ సైన్సు వర్ధిల్లాలి అన్నాడు. మొగుడు ఫిజిక్స్ లెక్చరరైనా నా సబ్జెక్టు మీద గౌరవం కలగడానికి జున్ను కావలసి వచ్చింది.

సెప్టెంబర్ 14

ఈ వారం మూడిళ్ళ జున్ను. ఒకటి ఇంట్లోకి, ఒకటి ల్యాబ్‌లో పిల్లలకి, ఒకటి చంద్రరావు గారికి. ఆయన రెండోసారి వడ్డించుకున్నారు, సెకండ్ ఒపీనియన్ కోసమే అనుకుంటాను.

వీరవేణి అత్తగారు శ్యామలాంబ గారు, పక్కింటివాళ్ళు పాలు ఇస్తే, అందులోంచి కూడా నాకో గిన్నె జున్ను వండి పంపింది. ఆ గిన్నెలో కాజాలు పెట్టి జీవరాజు చేతికిచ్చాను. దార్లో జీవరాజు కాజాలు తినేసి ఖాళీ గిన్నె ఇచ్చాడు. మర్నాడు నాకు శ్రీముఖం వచ్చింది: ఖాళీ గిన్నె తిప్పి పంపడం ఏ ఊరి మర్యాదో కనుక్కు రమ్మన్నారట. కాజాలు పట్టుకుని స్వయంగా వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. గిన్నె ఖాళీగా పంపితే ఇచ్చిన చెయ్యి చిన్నబోతుంది అంటుంది ఆవిడ. అరవై ఐదేళ్ళుంటాయి. లంకలో ఎవరింట్లో ఎవరు ఎవరికి ఏం పెట్టారో, తిరిగి ఏం వచ్చిందో ఆవిడకి నోటికే వచ్చు.

సెప్టెంబర్ 20

బేబి గారి దూడకి పురుగు పట్టింది.

సెప్టెంబర్ 21

ఫోర్సెప్స్‌తో తీశాను. టర్పెంటైన్ గుడ్డ పెట్టాను. తీసినవాటిని సీసాలో వేసుకుని ల్యాబ్‌కి తెచ్చి చూశాను. నూకలు కావు. బలిసిన పురుగులు. నా టీకాని చూసి నవ్వుతున్నట్టున్నాయి. ఒక్క కేసే కదా అని చంద్రరావు గారే నాకు ధైర్యం చెప్పారు. అదే నాకు నచ్చలేదు. ఆయన ధైర్యం చెప్పారంటే ఆయనకి భయం వేసిందన్నమాట.

సెప్టెంబర్ 30

ఇంకో నాలుగు. అవతలి లంకలో ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉంది. తేడా లేదు.

అక్టోబర్ 8

కూర్చుని ఆలోచిస్తే బుర్ర పాడవుతుందని దూడల రక్తం తీసుకొచ్చాను. ప్లేటు చూస్తే ఖాళీ. తల్లి రక్తంలో బోలెడు, దూడ రక్తంలో సున్నా. ఒకటి కాదు, అన్ని దూడలూ అంతే.

ఐస్‌బాక్సులో టీకా చెడిపోయిందేమో అన్నారు చంద్రరావు గారు. చెడితే తల్లులకెలా వచ్చిందండీ అన్నాను. స్టేషన్‌లో మన సొంత దూడలకి పోయినేడు బ్రహ్మాండంగా వచ్చింది కదా అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. కాకపోతే నేను గట్టిగా మాట్లాడాను.

అక్టోబర్ 11

ప్రతి ఇంటికీ వెళ్ళి అడిగాను. దూడ పుట్టగానే పాలు తాగిందా? అందరిదీ ఒకటే జవాబు. ఆయ్, తాగిందండి. తాగకేం చేస్తుందండి. రాసుకుని వచ్చేశాను. బేబి గారింట్లో పక్కింటి జున్ను పెట్టారు. ఇంకో ఇంట్లో పాలు పచ్చివే క్యానులో పోసిచ్చారు, ఇంటికెళ్ళి వండుకోమని. ఫ్రీజర్‌లో పడేశాను.

అక్టోబర్ 17

బేబి గారి దూడ పోయింది. ఎంత చేసినా దక్కలేదు. ఆవిడ నాకు మజ్జిగ ఇచ్చింది, పక్కింటి జున్ను గిన్నెలో పెట్టిచ్చింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

నవంబర్ 26న కమిటీ. చంద్రరావు గారు క్లోజింగ్ రిపోర్టు డ్రాఫ్టు మొదలుపెట్టారు. నేను చూడకుండా ఫైలు మూస్తున్నారు. చుక్క ఇంకా ఈనలేదు. వీరవేణి పడవరేవు దాకా వచ్చి సాగనంపింది. మీరున్నారు కదండి, నాకేం భయం లేదండి అంది. నాకు ఏడుపొచ్చింది. పడవ కదిలేదాకా ఆపుకున్నాను.

అక్టోబర్ 21, ఆదివారం, మధ్యాహ్నం

రాయకపోతే గుండె పేలేట్టుంది.

భోజనాలయ్యాక ప్రసాద్ ఫ్రిజ్‌లోంచి జున్ను తీశాడు. ఇద్దరం తింటున్నాం. ఇది ఎవరింటిది అని అడిగాడు. బేబి గారు ఇచ్చింది, వాళ్ళ పక్కింటిది అన్నాను. మొదట్లో వచ్చిందే, గిన్నె వంచినా కదలనిది, అదెవరిది అన్నాడు. అది బేబి గారిదే అన్నాను. దూడెలా ఉంది అన్నాడు. పోయిందని చెప్పాను.

"దాని వంతు మనం తిన్నామన్నమాట," అన్నాడు, మామూలుగానే.

స్పూను నోట్లోనే ఉంది.

మొదటి పాలు. దూడకి రక్షణ వెళ్ళేది మొదటి రోజు పాలతోనే. ఆ రోజు దాటితే దూడ పేగు తలుపులు మూసేసుకుంటుంది, తర్వాత ఎన్ని తాగినా యాంటీబాడీలు రక్తంలోకి వెళ్ళవు. ఇది నేను ట్రైనింగుల్లో బోర్డు మీద బొమ్మ వేసి చెప్తాను. చెప్పి, ఇంటికొచ్చి జున్ను తింటాను. జున్ను దేనితో చేస్తారు? మొదటి రోజు పాలతో. అంత గట్టి జున్ను ఎప్పుడొస్తుంది? మొదటి పూట పాలన్నీ పిండేస్తే వస్తుంది.

దూడ తాగిందండి అన్నారు కదా. అబద్ధం చెప్పలేదు పాపం. తాగింది. గేదె చేపడానికి నాలుగు గుక్కలు తాగనిచ్చారు. చేపగానే దూడని లాగి గుంజకి కట్టేశారు. మా ఇంట్లోనూ అంతే చేసేవాళ్ళం. దూడని లాగి పట్టుకునే పని నాదే. జిగట పాలు దూడకి అరగవు, పారుకుంటుంది అనేది అమ్మ. నేను వెటర్నరీ చదివి, పీహెచ్‌డీ చేసి, ఆ దూడనీ ఈ టీకానీ ఎప్పుడూ ఒక్కచోట పెట్టి చూడలేదు. స్టేషన్‌లో దూడలకి ఎందుకు పనిచేసింది? అక్కడ జున్నుకి ఎవరూ రారు.

లంకలో ఒక గేదె ఈనితే వీధంతటికీ జున్ను. పడవవాడికి జున్ను, బడి మాస్టారికి జున్ను, డాక్టరమ్మకి జున్ను. నేను టీకా వేసింది దూడలకి కాదు. ఊరికి. ఆ ఈగ ఇప్పుడు నా మీద వాలితే చూడాలి దాని సంగతి.

ప్రసాద్ నవ్వుతున్నాడు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత బేబి గారి దూడ గుర్తొచ్చి గిన్నె పక్కన పెట్టేశాను.

అక్టోబర్ 22

ఫ్రీజర్‌లో పచ్చిపాల క్యాను ఉంది కదా. ల్యాబ్‌కి పట్టుకెళ్ళి టెస్టు చేశాను. రీడింగు మిషను కొలత దాటిపోయింది. డైల్యూట్ చేసి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. ఒక దూడకి కావలసిన రక్షణంతా మా ఐస్ ట్రే పక్కన పడుంది. చంద్రరావు గారు ప్లేటు చూశారు, నన్ను చూశారు, కుర్చీలో కూర్చున్నారు. నేను రెండుసార్లు తిన్నానమ్మా అన్నారు.

డ్రాఫ్టు ఫైలు నేనే తీసి బీరువాలో పెట్టేశాను. నా టీకా పనిచేస్తుంది. పనిచెయ్యంది మేము.

అక్టోబర్ 24

వీరవేణికి ఐదు నిమిషాల్లో అర్థమైంది. చుక్క ఈనితే మొదటి రోజు చెంబు కూడా పాకలోకి తీసుకురానంది. కానీ ఆ ఇంట్లో జున్ను సంగతి వీరవేణి చేతిలో లేదు.

శ్యామలాంబ గారు నా మాటలన్నీ విన్నది. కోప్పడలేదు. దూడకి పారుకుంటుంది అంది. పారదండి, పారినా పోదండి, పురుగు పడితే పోతుందండి అన్నాను. సరే అంది. అసలు మాట తర్వాత చెప్పింది.

"మూడుసార్లు మా దూడ పోయినా వీధంతా మాకు జున్ను పెట్టారండి. రేపు మా గేదె ఈని మేం పెట్టకపోతే వాళ్ళ ముఖం ఎలా చూడమంటారు?"

దీనికి నా దగ్గర బొమ్మ లేదు. మూడో రోజు పాలతో పెట్టండి అంటే ఆవిడ నన్ను జాలిగా చూసింది. అది జున్ను కాదు, చిక్కటి టీ అంది. నిజమే, ఒప్పుకున్నాను. వీరవేణి గడప దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. అత్తగారి మాట కాదనలేదు, దూడనీ వదులుకోలేదు. అప్పుడు నోట్లోంచి వచ్చేసింది.

"వీధికి నేను పెడతానండి. మీ పేరు మీద."

 మిరియాలు ఎక్కువ వెయ్యకండి అంది శ్యామలాంబ గారు.

నవంబర్ 8

పదకొండింటికి లంక ఎస్టీడీ బూత్ నుంచి లోవరాజు ఫోను. చుక్కకి నొప్పులు మొదలయ్యాయి. జీపు, పడవ, పరుగు. నేను వెళ్ళేసరికి ఈనడం అయిపోయి, మాయ కూడా పడిపోయింది. మగదూడ. లేవడానికి కాళ్ళు నాలుగూ నాలుగు ఊళ్ళకి పోతున్నాయి. వీరవేణి దాని నడుం పట్టుకుంది, నేను మూతి రొమ్ముకి అందించాను. చుక్క వెనక్కి తిరిగి దాన్ని నాకింది. చేపింది. దూడ తాగింది, పడింది, లేచింది, మళ్ళీ తాగింది. ఎవరూ లాగలేదు. మూతి నిండా నురగ. నాకు తెలిసి ఈ లంకలో కడుపునిండా మొదటి పాలు తాగిన దూడ ఇదే.

లోవరాజు గడ్డి దూడని బయటికి తీసుకెళ్ళిపోయాడు. ఎవరూ చెప్పలేదు.

నవంబర్ 9

స్టేషన్‌లో ఈనిన గేదెలవి, దూడలు తాగగా మిగిలిన మొదటి రోజు పాలు వారం నుంచీ కూడబెడుతున్నాను. పొద్దున్నే పెద్ద గుండిగలో ప్రసాద్ జున్ను వండాడు. జీవరాజు మోశాడు, ఈసారి మీద మూత వేసి తాడు కట్టాను. శ్యామలాంబ గారు ముందు తను రుచి చూసి, ఒక నిమిషం మమ్మల్ని నిలబెట్టి, పంచమంది. ప్రతి ఇంటికీ ఆవిడే తిరిగింది. మా చుక్క ఈనిందండి, దూడ పాలు దూడే తాగిందండి, ఇది డాక్టరమ్మ గారి జున్నండి అని చెప్పుకుంటూ వెళ్ళింది. నేను వందసార్లు చెప్పినా అంతమంది వినేవాళ్ళు కాదు.

మిరియాలు ఎక్కువయ్యాయట.

నవంబర్ 13

రేపు దీపావళి. లంకలో వీరవేణి ఏడుస్తూ ఎదురొచ్చింది. దూడకి బొడ్డులో పురుగు పట్టింది. లోవరాజు పాక బయట తల పట్టుకుని కూర్చున్నాడు. శ్యామలాంబ గారు నా ముఖం చూడలేదు.

దూడని పడుకోబెట్టి టార్చి వేశాను. ఒకటి తీశాను. అరచేతిలో పెట్టుకుని చూశాను. ఇంకోటి తీశాను.

నూకలు.

బియ్యపు నూకలు. పుట్టినప్పుడు ఎంతున్నాయో అంతే ఉన్నాయి. సగం చచ్చిపడున్నాయి. గాయం లోతు లేదు, గోరు దిగదు. పురుగు పట్టిందని ఏడుస్తున్న ఇంట్లో నేను పకపకా నవ్వాను. వీరవేణి భయపడిపోయింది, డాక్టరమ్మకి ఏదో అయిందనుకుని నీళ్ళు తెచ్చింది. చెయ్యి చాపి చూపించాను. మీ దూడని తిని ఇవి చచ్చిపోతున్నాయండి అన్నాను. ఆవిడ ఒక్కోదాన్నీ వేలితో కదిపి చూసింది. కొన్ని కదల్లేదు. అప్పుడు ఆవిడ కూడా నవ్వింది, ముక్కు తుడుచుకుంటూ.

దూడ మాత్రం లేచి వెళ్ళి చుక్క కింద దూరింది.

నవంబర్ 26

కమిటీ. చుక్క దూడదీ, ఆ తర్వాత పుట్టి మొదటి పాలు తాగిన దూడలవీ రక్తం ప్లేట్లు చూపించాను. పచ్చగా వెలుగుతున్నాయి. పురుగుల సీసాలు రెండు పక్కపక్కన పెట్టాను, బలిసినవీ నూకలూ. సెప్టెంబర్ దూడల సంగతి దాచలేదు. ఎందుకు ఫెయిలైందో చెప్పాను. ఢిల్లీ ఆయన జున్ను అంటే ఏంటని అడిగారు. చంద్రరావు గారు లేచి పది నిమిషాలు చెప్పారు. ఆయన అంత ఉత్సాహంగా మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకో రెండు సీజన్లు ఇచ్చారు. మరి డెల్టా అంతటికీ మీరే జున్ను వండుతారా అని ఒకాయన అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మంచి ప్రశ్న. ప్రసాద్‌కి అంత గుండిగ లేదు.

డిసెంబర్ 14

శ్యామలాంబ గారి రెండో గేదె నిన్న ఈనింది. లోవరాజు మా ఇంటికొచ్చి మూత పెట్టిన స్టీలు గిన్నె ఇచ్చాడు. మా అమ్మే స్వయంగా కట్టి పంపిందండి, దూడ పాలు దూడే తాగిందని చెప్పమందండి అన్నాడు. తాడు విప్పి మూత తీశాను.

తోమిన గిన్నె. లోపల ఏమీ లేదు.